రాగి రాయి: మన చంద్రాపూర్‌లో వినపడే అపోహలు, అసలు సంగతులు

రాజురా, బల్లార్షా వైపు మన తెలుగువాళ్లకు నేను జియాలజిస్టునని తెలిస్తే చాలు, బండి డిక్కీలోంచి ఓ రాయి బయటికొస్తుంది.

అపోహ: "మెరుస్తోంది కదా సార్, బంగారమే!"

దాదాపు ఎప్పుడూ అది పైరైటో (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) చాల్కోపైరైటో (వాటితో రాగి కూడా కలిసిన ఖనిజం) అయి ఉంటుంది. చాకు మొనతో గీయండి. పైరైట్ మీద గీత పడదు. చాల్కోపైరైట్ మీద పడి, ఆకుపచ్చ కలిసిన నల్లపొడి రాలుతుంది. బంగారమైతే పొడి రాలదు, చాకు కింద అణుగుతుంది. చాల్కోపైరైట్‌లో 34.6 శాతం రాగే, కాబట్టి విసిరేయకండి. ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకోండి.

అపోహ: ఆకుపచ్చగా ఉంటే రాగే.

క్లోరైట్, ఎపిడోట్ అనే రాగి లేని ఖనిజాలు కూడా ఆకుపచ్చగానే ఉంటాయి. మాలకైట్ (ఆకుపచ్చ రాగి ఖనిజం) అయితే డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కకు నురగ వస్తుంది. ఆ తడిలో తుప్పు లేని ఇనుప మేకు రుద్దితే మేకుకు ఎర్రటి రాగి పూత పడుతుంది.

అపోహ: ఒకచోట దొరికితే ఊరి కిందంతా ఉన్నట్టే.

ఇది బొగ్గు గనుల మధ్య బతికేవాళ్ల లెక్క. వార్ధా లోయలో బొగ్గు పొరలుగా పరుచుకుని ఉంటుంది, ఒక బోరులో తగిలిన పొర పక్క బోరులోనూ తగలొచ్చు. మన జిల్లాలోనే థానేవాస్నా దగ్గరున్న రాగి అలాంటిది కాదు. పాత గ్రానైట్ జాతి రాళ్లు ఒత్తిడికి నలిగి చిట్లిన చోట వేడి ద్రవాలు ఎక్కి, క్వార్ట్జ్, క్లోరైట్, చాల్కోపైరైట్ వెయిన్‌లుగా (రాతి పగుళ్లలో నిండిన ఖనిజపు చారలుగా) గడ్డకట్టాయి. ఇలాంటి వెయిన్ ఇక్కడ బెత్తెడుంటే కాస్త ముందుకెళ్లేసరికి వేలంత సన్నబడుతుంది, ఆగిపోతుంది, పక్కనెక్కడో మళ్లీ మొదలవుతుంది. నిట్టనిలువుగా దిగే వెయిన్‌ను నిలువు బోరు తప్పిపోతుంది, అందుకే డ్రిల్ ఏటవాలుగా పెడతాం. (రిగ్గు వంగిపోయిందని ఫోన్లు చేసినవాళ్లున్నారు!) అలా ఏటవాలుగా కోసి తీసిన కోర్‌లో (రాతి కడ్డీలో) రెండు మీటర్ల రాగి కనిపించినా వెయిన్ అసలు మందం అంతకంటే తక్కువే.

అపోహ: రాగి తేలింది, ఇక గని వచ్చినట్టే.

ఒక శాతం గ్రేడ్ అంటే టన్ను రాతికి 10 కిలోల రాగి, అందులోనూ కొంత శుద్ధిలో పోతుంది. పక్కనున్న మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్ రాగి గనిలోనూ గ్రేడ్ సుమారు అంతే. కానీ అక్కడ నిక్షేపం పెద్దది. అదే గ్రేడ్ చిన్న నిక్షేపంలో ఉంటే తవ్వకం ఖర్చు కూడా రాకపోవచ్చు. భూమి రేటు పెంచి చెప్పే బ్రోకర్లు ఈ లెక్క చెప్పరు.

అపోహ: రాగి ఉన్నచోట బోరు నీళ్లు రాగి చెంబు నీళ్లంత మంచివి.

కాదు. తాగునీటిలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీళ్లు లేకపోతేనే 1.5 దాకా సరేనని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ టెస్టుతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని అడగండి, మన జిల్లాకు అసలు బెడద అదే.