సొమ్మొకరిది, సోకొకరిది: బ్రిటన్ రాణి మెడలో నిజాం హారం

హైదరాబాద్ నిజాం ఎలిజబెత్ రాణికి పెళ్లికానుకగా ఇచ్చిన వజ్రాల హారాన్ని బ్రిటన్ రాజకుటుంబంలో ఎవరైనా వేసుకొని బయటికొస్తే చాలు, మర్నాటికి మన ఫోన్లలో రచ్చ మొదలవుతుంది. 2014 ఫిబ్రవరిలో లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ విందుకు కేట్ మిడిల్టన్ దాన్ని వేసుకున్నారు. 2019 డిసెంబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో దౌత్యవేత్తలకిచ్చిన విందులో మళ్లీ కనిపించింది. 2022లో రాజకుటుంబమే తన సోషల్ మీడియా పేజీలో ఆ హారం గురించి పోస్టు పెట్టింది. ప్రతిసారీ వాదన ఒకటే. "కోహినూర్ లాగే ఇదీ దోచుకెళ్లిందే, తిరిగివ్వండి" అని ఒక పక్షం. "అది కానుక, ఇచ్చింది మీ రాజే" అని ఇంకో పక్షం.

రెండో పక్షం చెప్పేది నిజమే. ఈ హారాన్ని ఎవరూ దోచుకోలేదు. అసలది హైదరాబాద్ నుంచి లండన్‌కు వెళ్లిన నగే కాదు, లండన్‌లో కొని లండన్‌లోనే ఇచ్చింది. అలాగని కథ అక్కడితో అయిపోదు. బిల్లు కట్టిందెవరన్న ప్రశ్న ఒకటి ఉంది. దానికి జవాబు బకింగ్‌హామ్‌లో దొరకదు, తెలంగాణ పల్లెల్లో వెతకాలి.

1947 నవంబరు 20న యువరాణి ఎలిజబెత్ పెళ్లి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. బ్రిటన్‌లో ఇంకా రేషన్ నడుస్తోంది. పెళ్లి గౌనుకు బట్ట కావాలన్నా పెళ్లికూతురు కూపన్లు ఇవ్వాల్సిందే. అలాంటి సమయంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తరఫున ఏ నగ పంపాలో తాను ఎంచలేదు. లండన్‌లోని కార్టియర్ దుకాణానికి కబురు పెట్టారు: యువరాణి వచ్చి తనకు నచ్చింది తీసుకుంటుంది, ఇవ్వండి అని. ఆమె ఒక వజ్రాల హారం, ఒక టియారా (తలమీద పెట్టుకునే చిన్న కిరీటం) ఎంచుకున్నారు. రెండూ కార్టియర్ 1930లలో చేసిపెట్టిన నగలే, నిజాం కోసమని ప్రత్యేకంగా చేసినవి కావు.

హారం ఫోటో ఒకటి పెద్దది చేసి చూడండి. గుండ్రంగా సానపట్టిన వజ్రాలు 38, ఒకే వరసలో మెడ చుట్టూ తిరుగుతాయి. మధ్యలో పతకం, అందులో దీర్ఘచతురస్రంగా కోసిన వజ్రాలు 13. వాటి కింద బొట్టులా వేలాడుతూ ఇంకో వజ్రం. పతకాన్ని విప్పి విడిగా పెట్టుకోవచ్చు. మొదట్లో గొలుసు ఇంకాస్త పొడుగుండేది. రాణి కొన్ని రాళ్లు తీయించి మెడకు దగ్గరగా వచ్చేట్టు చేయించారు. తండ్రి పోయి గద్దెనెక్కిన కొద్దిరోజులకే, 1952 ఫిబ్రవరి 26న, డొరొతీ విల్డింగ్ తీసిన ఫోటోల్లో కొత్త రాణి మెడలో ఉన్నది ఇదే. ఆ ఫోటోలే బ్రిటన్ రాయబార కార్యాలయాల గోడలకెక్కాయి. తపాలా బిళ్లల మీద రాణి బొమ్మకూ అవే ఆధారం. హైదరాబాద్ సంస్థానం మాయమై అప్పటికి మూడేళ్లు దాటింది.

టియారా కథ వేరు. 1973లో రాణి దాన్ని విప్పించేశారు. అందులోని వజ్రాలకు, బర్మా ప్రజలు తన పెళ్లికే కానుకగా ఇచ్చిన 96 కెంపులు కలిపి గ్యారార్డ్ కంపెనీతో కొత్తది చేయించుకున్నారు. మనిషికి వచ్చే 96 రోగాల నుంచి ఈ 96 కెంపులు కాపాడతాయని బర్మా వాళ్ల నమ్మకమట. పాత టియారాలోంచి ఊడివచ్చే గులాబీ పూల పిన్నులు మూడింటిని మాత్రం అలాగే ఉంచారు. నాకైతే పాతదే బాగుందనిపిస్తుంది, కొత్తదాంట్లో ఎరుపు మరీ ఎక్కువైంది. నగల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామందిదీ ఇదే మాట. 2019లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కిచ్చిన విందుకు రాణి పెట్టుకున్నది ఈ కెంపుల టియారానే.

ఇప్పుడు తేదీల సంగతి. 1947 జూన్‌లోనే నిజాం ఫర్మానా జారీచేశారు: ఆంగ్లేయులు వెళ్లిపోయాక హైదరాబాద్ ఇటు భారత్‌లోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరదని. బ్రిటిష్ కామన్వెల్త్‌లో స్వతంత్ర రాజ్యంగా ఉండాలన్నది ఆయన కోరిక. అందుకోసం పెట్టుకున్న సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్. 1936లో ఎలిజబెత్ పెదనాన్న ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె వదులుకున్నప్పుడు పక్కనుండి వ్యవహారం నడిపిన లాయరు కూడా ఈయనే. ఆగస్టు 15 వచ్చింది, వెళ్లింది. హైదరాబాద్‌లో మూడు రంగుల జెండా ఎగరేసినవాళ్లు జైళ్లలో ఉన్నారు. లండన్‌లో పెళ్లి జరిగిన తొమ్మిది రోజులకు, నవంబరు 29న, నిజాం ఢిల్లీతో, ఉన్న సంబంధాలు అలాగే కొనసాగాలన్న యథాతథ ఒప్పందం మీద సంతకం చేశారు. హారం ఇచ్చింది ఇంత హడావుడిలో.

ఇది లంచం అనను. బ్రిటిష్ రాజవంశానికి కానుకలివ్వడం నిజాముల వంశమైన ఆసఫ్‌జాహీలకు కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో ఒక స్క్వాడ్రన్‌కు కావలసిన విమానాల డబ్బు నిజామే ఇచ్చారు. అందుకే 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అన్న పేరు. 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు, ఇంకా 'నమ్మకమైన మిత్రుడు' అన్న పిలుపు వచ్చాయి. మిగతా రాజులంతా ఉత్త 'హైనెస్‌'లే. అయితే 1947లో ఆ స్నేహం మీద ఆయన పెట్టుకున్న ఆశ చాలా పెద్దది. వజ్రాలు పుచ్చుకున్నారు గానీ, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటినప్పుడు లండన్ కదల్లేదు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది.

అదే పెళ్లికి గాంధీ పంపింది తాను వడికిన నూలుతో అల్లించిన చిన్న గుడ్డ. మధ్యలో 'జై హింద్' అని ఉంటుంది. కానుకలన్నీ ప్రదర్శనకు పెట్టినప్పుడు దాన్ని చూసి, గాంధీ తన గోచి పంపాడనుకొని ఎలిజబెత్ నాయనమ్మ, పెద్ద రాణి మేరీ ముఖం చిట్లించారని చెబుతారు.

ఇక బిల్లు దగ్గరికి వద్దాం. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసిన మనిషి ఈ నిజాం. ఆ ధనం ఎక్కడిది? సంస్థానం భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే సర్కారు శిస్తు వసూలు చేసేది. 30 శాతం దాకా జాగీర్దార్ల కింద. మిగిలిన పదో వంతు సర్ఫేఖాస్, నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న భూములు. అక్కడి శిస్తు నేరుగా ఆయన ఖజానాకే. దానికి తోడు నజరానాలు. దర్బారుకు వెళ్లినవాడు అష్రఫీ (బంగారు నాణెం), వెండి రూపాయలు రుమాల్లో పెట్టి ముందుంచాల్సిందే. యుద్ధకాలంలో ఊళ్లమీద లెవీ గల్లా వచ్చిపడింది. పండినా పండకపోయినా ఇంత ధాన్యం కొలవాలి. దొరలూ దేశ్‌ముఖులూ తమ వంతు లెవీ తప్పించుకొని చిన్న రైతుల నెత్తిన రుద్దేవాళ్లు. కింది కులాలకు వెట్టి సరేసరి. చెప్పులు కుట్టాలి, బట్టలుతకాలి, బండి ముందు పరుగెత్తాలి, పైసా రాదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తూటాకు దొడ్డి కొమరయ్య కూలిపోయాడు. సాయుధ పోరాటం రాజుకుంది. యువరాణి కార్టియర్‌లో నగ ఎంచుకునే నాటికి నల్లగొండ, వరంగల్ ఊళ్లు మండుతున్నాయి.

ఫలానా ఊరి శిస్తు ఫలానా వజ్రమైందని ఎవరూ రుజువు చేయలేరు, నేనూ ఆ మాట అనను. కానీ "అది నిజాం సొంత డబ్బు" అని చేతులు దులుపుకొనేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. సర్ఫేఖాస్‌ను సొంతం అనడం కాగితం మీద మాట. దున్నినవాడికి అదీ శిస్తే, ఇదీ శిస్తే.

ఇలా మన డబ్బుతో వాళ్లకు నగలు చేయించడం నిజాంతో మొదలైంది కాదు. 1911 ఢిల్లీ దర్బారుకు అయిదో జార్జి వచ్చారు. బ్రిటన్ రాజకిరీటాన్ని దేశం దాటించడానికి వాళ్ల చట్టం ఒప్పుకోదు. అందుకని గ్యారార్డ్ కంపెనీతో ఇండియా కోసమని కొత్త కిరీటం చేయించారు. అందులో ఆరు వేలకు పైగా వజ్రాలు. ఖర్చు సుమారు 60,000 పౌండ్లు, భారత ఖజానా నుంచి. దాన్ని పెట్టుకున్నది ఆ ఒక్కసారే, అదీ బరువుకు తల నొప్పెట్టిందని రాజుగారు డైరీలో రాసుకున్నారు. ఇప్పుడది లండన్ టవర్‌లో ఉంది. కోహినూర్ గురించి మాట్లాడేవాళ్లలో నూటికి తొంభై మంది ఈ కిరీటం పేరే ఎత్తరు. నన్నడిగితే నిజంగా కడుపు మండాల్సింది దీన్ని చూసే.

కోహినూర్ దారి పూర్తిగా వేరు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందన్నది తరతరాలుగా మన నమ్మకం, గట్టి పత్రం లేకపోయినా. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులోకి పోయింది. 17వ శతాబ్దంలో ఆ గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే పని జరిగే తీరు వర్ణించాడు. మగవాళ్లు తవ్వుతారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసుకొచ్చి చిన్న గోడ కట్టిన మడిలో పోస్తారు. నీళ్లు పెట్టి నానేస్తారు, వంచేస్తారు, ఎండిన తర్వాత ధాన్యం చెరిగినట్టు బుట్టల్లో చెరుగుతారు. అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇంకో గని గురించి చెబుతూ, పనిలో ఆరితేరినవాడికీ ఏడాదికి ముట్టేది మూడు వరహాలేనన్నాడు.

1849లో పంజాబ్‌ను కలిపేసుకున్నప్పుడు లాహోర్ ఒప్పందంలో కోహినూర్ కోసమే ఒక షరతు పెట్టారు: దాన్ని లాహోర్ మహారాజు ఇంగ్లండ్ రాణికి అప్పగించాలని. ఆ మహారాజు దులీప్ సింగ్‌కు పదేళ్లు, తల్లి దగ్గర లేదు. ఇది కానుక ఎలా అవుతుంది? 1852లో దాన్ని మళ్లీ సానపట్టించి 105.6 క్యారెట్లకు తగ్గించారు. 2016లో మన సొలిసిటర్ జనరల్ సుప్రీంకోర్టులో "అది దొంగిలించిందీ కాదు, బలవంతంగా లాక్కున్నదీ కాదు" అన్నారు. దేశమంతా గోల చేయడంతో అది తుది మాట కాదని కేంద్రం మర్నాడే సర్దుకుంది. 2023లో కెమిల్లా పట్టాభిషేకానికి కోహినూర్ ఉన్న కిరీటం బదులు మేరీ రాణి కిరీటాన్ని బయటికి తీశారు. అంటే లండన్‌కూ ఈ గొడవ వినపడింది. అదే ఏడాది టవర్‌లో పెట్టిన వివరాల్లో ఆ వజ్రాన్ని విజయచిహ్నమని వాళ్లే రాసుకున్నారు.

నిజాం హారం ఈ లెక్కలోకి రాదు. "అందులోవి గోల్కొండ వజ్రాలు" అని రాసేవాళ్లకు కూడా ఆధారం లేదు. 1930ల నాటికి పారిస్, లండన్ దుకాణాలకు వచ్చే వజ్రాల్లో ఎక్కువ భాగం ఆఫ్రికావే. ఆ మాటకొస్తే నిజాముల నగల్లో పేరుమోసిన జేకబ్ వజ్రం కూడా దక్షిణాఫ్రికా రాయేనని చెబుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1891లో జేకబ్ అనే వర్తకుడితో బేరమాడి, కోర్టుకెక్కి, చివరికి విసుగెత్తి పక్కన పడేసిన 184.75 క్యారెట్ల రాయి అది. తండ్రి పోయాక చెప్పు మొనలో దొరికితే కొడుకు కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారు.

బ్రిటన్ వాళ్ల లెక్కలో కూడా ఈ హారం టవర్‌లో జనం చూసే రాజాభరణాల్లో లేదు. పెళ్లి కానుక కాబట్టి రాణి సొంత నగ కిందే చెల్లుతూ వచ్చింది. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ పోయారు. రాజు నుంచి రాజుకు చేరే ఆస్తికి వారసత్వ పన్ను లేదని 1993లో కుదుర్చుకున్న ఏర్పాటు ఉంది. రాజకుటుంబీకుల వీలునామాలు బయటపెట్టరు. కాబట్టి "తిరిగివ్వండి" అని ఎవరి మీద కేసు వేసినా అది నిలిచేట్టు కనబడదు. ఇచ్చినవాడు ఇష్టపడే ఇచ్చాడు మరి.

లండన్‌లో నిజాం వదిలిన ఇంకో ముల్లె మాత్రం కోర్టుకెక్కింది. హైదరాబాద్ పతనమైన మూడో రోజున, 1948 సెప్టెంబరు 20న, సుమారు పది లక్షల పౌండ్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి వెళ్లాయి. నిజాం వెనక్కి అడిగారు, ఇవ్వలేదు. ఆ డబ్బు అలాగే మూలుగుతూ మూడున్నర కోట్ల పౌండ్లయింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు అది పాకిస్తాన్‌ది కాదు, భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పిచ్చింది.

ఇంట్లో మిగిలిన నగల సంగతి ఇంకా విచిత్రం. విలీనం తర్వాత ఏడో నిజాం వాటిని 1951, 52ల్లో ట్రస్టుల్లో పెట్టారు. ఆయన పోయాక అమ్మకానికి పెట్టడం, విదేశీ కొనుగోలుదారులు క్యూ కట్టడం, కోర్టులు, టెన్షన్, చాలా ఏళ్లు నడిచింది. చివరికి 1995 జనవరిలో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలు కట్టి 173 నగలు తీసుకుంది. ఒకప్పుడు శిస్తుగా వెళ్లినదాన్ని జనం పన్నుల డబ్బుతో మళ్లీ కొన్నారన్నమాట. జేకబ్ వజ్రం, ఏడు పేటల బస్రా ముత్యాల సత్‌లడా, అన్నీ అందులోనే. అవి ఉండేది రిజర్వు బ్యాంకు ఖజానాలో. సాలార్‌జంగ్ మ్యూజియంలో, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో అప్పుడప్పుడు కొన్ని వారాలు చూపించి మళ్లీ లోపల పెట్టేస్తారు. వాటిని శాశ్వతంగా హైదరాబాద్‌లో ఉంచాలన్న కోరిక నగరవాసులు చాలాకాలంగా వినిపిస్తున్నారు. దానికి బ్రిటన్ రాజు అనుమతి అక్కర్లేదు, ఢిల్లీ ఒప్పుకొని బీమా, భద్రత ఖర్చులు పెట్టుకుంటే సరిపోతుంది.