గోడలోని ప్లగ్గు నుంచి తెర దాకా: గేమింగ్ కంప్యూటర్ కొనబోతున్న పిల్లలకు

సికింద్రాబాద్

చిరంజీవులిద్దరికీ పెదనాన్న ఆశీస్సులు.

మీ ఉత్తరమూ, అక్కాతమ్ముళ్లు కలిసి కూర్చుని తయారు చేసిన సామాన్ల పట్టికా అందాయి. రెండుసార్లు చదివాను. మొదటి వరుసలో ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఉంది. చివరి వరుసలో 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు పంచే పెట్టె), దాని పక్కన "ఏ కంపెనీదైనా సరే" అని రాశారు. మానిటర్ ఊసే లేదు. నాన్న ఆఫీసు పనికి వాడుకునే పాత తెరకే తగిలిద్దామనుకున్నారు కాబోలు. పాతికేళ్లకు పైగా కంప్యూటర్లు బిగించి, విప్పి, బాగుచేసి బతికినవాణ్ని కనుక చెబుతున్నాను: ఈ పట్టికను కింది నుంచి పైకి తిరగరాయాలి. తల్లీ, నీ మొదటి ఏడాది జీతంలో దాచుకున్న డబ్బు ఇది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు తెర సంగతి తేల్చండి. నాన్న మానిటర్ 1920×1080, అంటే దానిమీద 20 లక్షల 73 వేల చుక్కలు. 2560×1440 తెరకు 36 లక్షల 86 వేలు. 4కే (3840×2160) తెరకు 82 లక్షల 94 వేలు. ఆటలో కనిపించే ప్రతి బొమ్మకూ గ్రాఫిక్స్ కార్డు ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్కకట్టాలి. కార్డు ఎంత పెద్దది కావాలో చెప్పాల్సింది తెరే. నాన్న తెర సెకనుకు 60 బొమ్మలే చూపుతుంది. దాని వెనక 5090 పెట్టి సెకనుకు 200 బొమ్మలు గీయించినా మీ కంటికి చేరేవి ఆ 60 మాత్రమే. బాబూ, నువ్వు ఆడేవి గురి చూసి కాల్చే ఆటలు. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 హెర్ట్జ్ తెర మీద 6.9, 240 హెర్ట్జ్ తెర మీద 4.2. తలుపు సందులోంచి ఎదుటివాడు తొంగిచూసిన క్షణం నీకు ఎంత తొందరగా కనిపిస్తుందన్నది ఈ అంకెల్లో ఉంది. అక్కకేమో కథ నడిచే పెద్ద పెద్ద ఆటలు ఇష్టం, ఆమెకు రంగులూ నీడలూ ముఖ్యం. ఇద్దరికీ సరిపోయేది 27 అంగుళాల 2560×1440 తెర, 165 హెర్ట్జ్‌కు తగ్గకుండా. 240 దొరికితే ఇంకా మంచిది. ఓఎల్‌ఈడీ తెర చూడముచ్చటగా ఉంటుంది, నలుపు నిజంగా నల్లగా కనబడుతుంది. కానీ పగలంతా అదే తెర మీద ఆఫీసు పని చేస్తే కదలని పట్టీలూ గుర్తులూ దానిమీద మచ్చల్లా నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆటలకే వాడతామంటే తీసుకోండి.

తెర తేలింది కనుక కార్డు దగ్గరికి వద్దాం. 2025 జనవరి చివర్లో వచ్చిన 5090 గొప్ప కార్డే, కాదనను. 32 జీబీ మెమొరీ, 575 వాట్ల విద్యుత్తు. దాన్ని చేసిన ఎన్‌విడియా సంస్థే 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని చెబుతోంది, మీరేమో 750 రాశారు. 2560×1440 తెరకు ఆర్‌టీఎక్స్ 5070 టీఐ చాలు. దానికి 16 జీబీ మెమొరీ ఉంటుంది, 300 వాట్లతో నడుస్తుంది. ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ కూడా 16 జీబీదే, వాట్లూ దాదాపు అంతే. రెండింటిలో మీరు కొనే రోజున ఏది చవకగా ఉంటే అది తీసుకోండి. మిగిలే డబ్బుతో మంచి తెర, మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ అన్నీ వస్తాయి.

5090 వద్దనడానికి నాకు ఇంకో కారణం ఉంది. ఒకసారి ఒక కుర్రవాడు తన కంప్యూటర్ తీసుకొచ్చాడు. పెద్ద కార్డు. ఆడుతుండగా తెర నల్లబడి ఆగిపోతోందన్నాడు. పక్క అద్దం తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. కార్డుకు విద్యుత్తునిచ్చే ప్లగ్గు ఒక పక్క నల్లగా మాడి, కార్డులోని సాకెట్‌కు అతుక్కుపోయింది. మెల్లగా అటూ ఇటూ కదిపి లాగితే, రెండు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ మైనంలా కరిగి గట్టిపడి ఉంది. ఆ ప్లగ్గు ఒక పక్క పూర్తిగా లోపలికి వెళ్లలేదు, గోరు మందం కూడా లేని సందు. కార్డు మరీ పెద్దది, క్యాబినెట్ ఇరుకు. అద్దం మూసినప్పుడల్లా తీగను నెట్టి ప్లగ్గును ఓ పక్కకు వంచుతోంది. ఆ కుర్రవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

లెక్క చూడండి. 575 వాట్లు, 12 వోల్టులు అంటే దాదాపు 48 ఆంపియర్ల కరెంటు. దాన్ని ఆరు పిన్నులు పంచుకుంటాయి, ఒక్కోదానికి 8. రెండు పిన్నులు సరిగా తగలకపోతే మిగిలిన నాలుగూ చెరో 12 ఆంపియర్లు మోయాలి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది. ఆ చిన్న పిన్ను అంత వేడి తట్టుకోలేదు. అదే 300 వాట్ల కార్డులో పిన్నుకు 4 ఆంపియర్లు చిల్లర, వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. 9070 ఎక్స్‌టీ రకాల్లో చాలావాటికి పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గులే ఉంటాయి, వాటితో ఈ బాధే తక్కువ. ఏ కార్డు కొన్నా ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కండి. తర్వాత ఫోను టార్చి వేసి నాలుగు వైపులా సందు లేదని కళ్లతో చూడండి. ప్లగ్గు నుంచి మూడున్నర సెంటీమీటర్ల దాకా తీగను వంచవద్దు.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో "ఏ కంపెనీదైనా సరే" అన్న మాట కొట్టేయండి. మిగతా భాగాలన్నీ తినే అన్నం దాని చేతిమీదుగానే వస్తుంది. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర, గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత వృథా కాకుండా ఇస్తుందో చెబుతుంది, అంతే. మంచి రక్షణ ఉందని ఆ ముద్రకు అర్థం కాదు. ఏటీఎక్స్ 3.1 ప్రమాణంతో వచ్చినదీ, పదేళ్ల వారంటీ ఉన్నదీ, 850 వాట్లదీ తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా విద్యుత్తు గుంజుతుంది, సెకనులో పదివేలవ వంతు కాలం పాటు. ఆ కుదుపులో తన వాట్లకు రెట్టింపు దాకా తట్టుకోవాలని ఆ ప్రమాణం ఎస్‌ఎంపీఎస్‌కు నియమం పెట్టింది. నాసిరకం పెట్టె అక్కడే చేతులెత్తేస్తుంది. పోతూ పోతూ పక్కనున్న బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోయినవాటిని నేను స్వయంగా చూశాను.

ప్రాసెసర్ మీరు సరిగ్గానే ఎంచుకున్నారు, ఏఎండీ వాళ్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ. ఎందుకు మంచిదో తెలిసి కొనాలి కనుక చెబుతాను. అమ్మ వంట చేసేటప్పుడు ఆవాలూ జీలకర్రా పోపుల పెట్టెలో చేతి కింద ఉంటాయి. పప్పులు అల్మరాలో, బియ్యం బస్తా సామాన్ల గదిలో. పోపు వేగుతుండగా సామాన్ల గదికి పరుగెత్తితే పోపు మాడిపోతుంది. ప్రాసెసర్‌లో క్యాషే అనే చిన్న మెమొరీ ఆ పోపుల పెట్టె, ర్యామ్ అల్మరా, ఆటలన్నీ దాచి ఉంచే ఎస్‌ఎస్‌డీ సామాన్ల గది. ఆటలు ఒకే సమాచారాన్ని వేలసార్లు అటూ ఇటూ అడుగుతాయి. ఈ ప్రాసెసర్‌లో పోపుల పెట్టె పెద్దది, 96 ఎంబీ. 2023లో వచ్చిన 7800ఎక్స్3డీలో ఈ అదనపు క్యాషేను కోర్ల (లెక్కలు చేసే భాగాల) పైన పేర్చారు, దాంతో కోర్ల వేడి పైకి రావడానికి అది అడ్డుపడింది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాషేను కోర్ల కిందికి మార్చారు. కోర్లు, పైన బిగించి ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌కు దగ్గరయ్యాయి, వేగమూ పెంచగలిగారు. కోర్లు ఎనిమిదే. ఆటలకు అవి చాలు.

మదర్‌బోర్డు మీద ఎక్కువ డబ్బు పోయకండి. ఏఎం5 సాకెట్ (ఈ ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న మధ్యరకం బీ650 గానీ బీ850 గానీ సరిపోతుంది. ఏఎండీ ఒక సాకెట్‌ను ఏళ్ల తరబడి నిలబెడుతుంది, అది మీకు లాభం. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకున్నారు. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, 1718 సన్నని తీగముక్కలు. ప్లాస్టిక్ మూత తీశాక దానిమీద వేలు గానీ స్క్రూడ్రైవర్ గానీ పడకూడదు. ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

ర్యామ్ 16 జీబీవి రెండు, డీడీఆర్5 6000, సీఎల్ 30. నాలుగు ముక్కలు వద్దు, ఈ సాకెట్ మీద నాలుగు పెడితే వేగం తగ్గించుకోవలసి వస్తుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గాడిల్లో పెట్టండి. 2025 చివరి నెలల నుంచి మెమొరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకు తరలిపోవడంతో ధరలు బాగా పెరిగాయి, అందుకని 64 జీబీ ఆశ ప్రస్తుతానికి వదిలేయండి. ఎస్‌ఎస్‌డీ నాలుగో తరం ఎన్‌వీఎంఈ, 2 టీబీ. అయిదో తరం వాటి పెట్టె మీద అంకెలు రెట్టింపు ఉంటాయి గానీ ఆట తెరుచుకునే సమయంలో మీకు తేడా తెలియదు.

ఇక ఖమ్మం ఎండల సంగతి. ఇంటర్నెట్‌లో మీరు చూసే పరీక్షలన్నీ ఏసీ గదుల్లో చేసినవి. గాలి కూలర్ అయినా నీటి కూలర్ అయినా గది కంటే చల్లగా చేయలేదు. గది వేడికి కంప్యూటర్ వేడి తోడవుతుంది. 25 డిగ్రీల గదిలో 70 చూపించిన ప్రాసెసర్ 40 డిగ్రీల గదిలో 85 దాకా పోతుంది. దీనికి హద్దు 95. మీ పైగది మేడ మీది రేకుల షెడ్డు పక్కనే, మే నెలలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి. అన్నివైపులా అద్దాలతో అక్వేరియంలా ఉన్నది మీరు పట్టికలో రాశారు, దానికి ముందునుంచి గాలి రాదు. అందంగా ఉంటుందని తెలుసు, అయినా వద్దు. రెండు గోపురాల గాలి కూలర్ ఈ ప్రాసెసర్‌కు సరిపోతుంది. అందులో ఆగిపోవడానికి పంపు లేదు, కారడానికి నీరు లేదు, ఫ్యాను పోతే ఫ్యానే మార్చుకుంటారు. జాలీ మీది దుమ్ము నెలకోసారి దులపండి.

కరెంటు బిల్లు కూడా లెక్కలో వేసుకోండి. మీ పట్టికలోని కంప్యూటర్ ఆట ఆడేటప్పుడు దాదాపు 750 వాట్లు తింటుంది. రోజుకు నాలుగు గంటలంటే 3 యూనిట్లు, నెలకు 90. నేను చెప్పినది 470 వాట్ల దగ్గర నడుస్తుంది, నెలకు 56 యూనిట్లు. పైగా అదంతా గదిలోకి వేడిగానే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో రాస్తున్నాను, ఎందుకంటే చివర చదివినదే మీకు గుర్తుంటుంది. మీ పైగదిలో ఆ పాత కంప్యూటర్ క్యాబినెట్‌ను తాకితే వేలు జివ్వుమంటుందని సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నవాడే నాకు చెప్పాడు. నేనూ తాకి చూశాను. అది ఎర్తింగ్ లేని గుర్తు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ ఎర్త్‌తో కలిపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ భూమిలోకి వెళ్లకపోతే, 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ ఇనుప పెట్టె మీద నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఏదైనా ఫేజ్ తీగ పెట్టెకు తగిలిన రోజున మిమ్మల్ని కాపాడాల్సింది ఆ ఎర్త్ తీగే. మూడు రంధ్రాల సాకెట్ ఉంది కదా అనుకోవద్దు, పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి మీటరుతో చూపించండి. రెండు మూడు వోల్టులు మించకూడదు.

దానితోపాటు యూపీఎస్. 1 కేవీఏ అని రాసి ఉన్న వాటిలో చాలావరకు ఇచ్చేది 600 వాట్లే, తెరతో కలిపి మీకు 520 అవుతుంది. 1.5 కేవీఏ, ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాంటి నునుపైన అల) అని ఉన్నది తీసుకోండి. కరెంటు పోయాక ఆట కొనసాగించడానికి కాదు, ఆట సేవ్ చేసి కంప్యూటర్ ఆపడానికి.

సామాను ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నేనే మీతో వచ్చి కొనిపిస్తాను. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించాలి, వారంటీ భారతదేశంలో చెల్లుతుందని అడిగి తెలుసుకోవాలి. బిగించడం మాత్రం మీ చేతులతో మీరే చేయాలి, నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదటిసారి స్విచ్చి వేయగానే తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకునే సమయమది, కంగారుపడి ఆపేయకండి. తెర తీగను బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. బయోస్‌లో ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను దానిమీద రాసిన వేగంతో నడిపే అమరిక, ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. విండోస్‌లో తెర హెర్ట్జ్ మీరే మార్చాలి, లేకుంటే అంత డబ్బు పెట్టి కొన్న తెర 60 దగ్గరే ఆగిపోవచ్చు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లాక మీటరు ఎన్ని వోల్టులు చూపించిందో నాకు రాయండి. ఆ అంకె వచ్చాకే సామాన్లు కొందాం. నాన్నకూ అమ్మకూ అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ పెదనాన్న