ఎత్తుకెళ్లిన డాక్టరు, తెగని పేచీ: మెక్సికో, అమెరికా డ్రగ్స్ పోరు వెనక కథ

2025 ఆగస్టు 18న అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ ఒక ప్రకటన చేసింది. మెక్సికోతో కలిసి ‘ప్రాజెక్ట్ పోర్టెరో’ అనే కొత్త ఆపరేషన్ మొదలుపెట్టామనీ, సరిహద్దు దారుల మీద పెత్తనం చేసే ముఠా మనుషులే లక్ష్యమనీ దాని సారాంశం. మర్నాడు ఉదయం మెక్సికో అధ్యక్షురాలు క్లాడియా షీన్‌బామ్ విలేకరుల ముందు ఆ మాటను ఖండించారు. డీఈఏతో అలాంటి ఒప్పందమేదీ లేదన్నారు. టెక్సస్‌లో ఒక శిక్షణ కార్యక్రమానికి తమ పోలీసులు కొందరు వెళ్లారు, జరిగింది అంతేనన్నారు.

డీఈఏ ప్రకటనకు ఆరు రోజుల ముందు, ఆగస్టు 12న, ఇదే షీన్‌బామ్ ప్రభుత్వం 26 మంది కార్టెల్ (డ్రగ్స్ ముఠా) ఖైదీలను విమానం ఎక్కించి అమెరికాకు పంపింది. ఫిబ్రవరిలో పంపిన 29 మందినీ కలిపితే 55 మంది. సినలోవా కార్టెల్ వ్యవస్థాపకుల్లో ఒకడైన ఇస్మాయెల్ ‘ఎల్ మాయో’ జంబాడా ఆగస్టు 25న బ్రూక్లిన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పోరులో ఇంత కదలిక ఉన్న వేళ, ఒక పత్రికా ప్రకటన మీద మెక్సికోకు అంత పట్టింపు ఎందుకు? స్వదేశంలో చప్పట్ల కోసమే అనుకుంటే విషయం సగమే అర్థమైనట్టు.

కార్టెల్స్ ఎలా పుట్టాయి, సినలోవా కార్టెల్ నాయకుడు ఎల్ చాపో జైళ్లలోంచి ఎలా తప్పించుకున్నాడు, 2006లో అధ్యక్షుడు ఫెలిపే కాల్దెరోన్ వీధుల్లోకి సైన్యాన్ని ఎందుకు దించాడు అన్నవి పాఠకులు చాలాసార్లు చదివినవే. డీఈఏ ఏజెంటు ఎన్రికే ‘కీకీ’ కమరేనా హత్య కూడా కొత్త కథ కాదు. 1985 ఫిబ్రవరి 7న గ్వాదలహారాలో అమెరికా కాన్సులేట్ దగ్గర పట్టపగలు అతన్ని ఎత్తుకుపోయారు. చిత్రహింసలు పెట్టి చంపారు. మార్చి 5న మిచోవకాన్‌లో శవం దొరికింది. ఈ పోరు గురించి ఎవరిని అడిగినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అమెరికా అధికారులైతే తప్పకుండా ఇక్కడి నుంచే.

మెక్సికో మాత్రం ఇదే కేసును ఐదేళ్ల తర్వాతి తేదీ నుంచి చెప్పుకుంటుంది. ఇవాళ్టి పేచీకి మూలం ఆ రెండో తేదీలోనే ఉందని నా నమ్మకం.

1990 ఏప్రిల్ 2. గ్వాదలహారాలో ఉంబెర్తో అల్వారెజ్ మచాయిన్ అనే గైనకాలజిస్టు తన ఆఫీసులో ఉన్నాడు. ఆయుధాలతో కొందరు లోపలికి చొరబడి అతన్ని లాక్కెళ్లారు. లియోన్ నగరం నుంచి ప్రైవేటు విమానంలో సరిహద్దు దాటించి టెక్సస్‌లోని ఎల్ పాసోలో దించారు. అక్కడ డీఈఏ అధికారులు కాచుకుని ఉన్నారు. చిత్రహింసల మధ్య కమరేనా ప్రాణం పోకుండా మందులిచ్చి, విచారణ సాగేలా చూశాడన్నది డాక్టరు మీద ఆరోపణ. ఎత్తుకొచ్చినవాళ్లకు 50,000 డాలర్లూ ఖర్చులూ ఇస్తామని డీఈఏ ముందే మాటిచ్చింది.

నేరగాళ్ల అప్పగింతకు రెండు దేశాల మధ్య 1978 నుంచీ ఒప్పందం ఉంది. సొంత పౌరులను అప్పగించి తీరాలన్న నిబంధన అందులో లేదు. అప్పగించకపోతే తన కోర్టుల్లోనే విచారించుకోవచ్చు. మెక్సికో నిరసన తెలిపింది. అపహరణ వెనక ఉన్నారని తాను అనుమానించిన ఇద్దరిని అప్పగించమని అదే ఒప్పందం కింద అడిగింది. అమెరికా అప్పగించలేదు.

లాస్ ఏంజెలెస్ ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ రఫీడీ మొదట మెక్సికో వాదననే ఒప్పుకున్నాడు. ఇది ఒప్పంద ఉల్లంఘన, డాక్టర్ని వెనక్కి పంపండి అన్నాడు. అప్పీలు కోర్టూ అదే మాట అంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 1992 జూన్ 15న ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచి తీర్పు ఇచ్చారు. ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్ట్ రాసినదాని తాత్పర్యం ఇది: బలవంతంగా ఎత్తుకురాకూడదని ఒప్పందంలో ఎక్కడా రాయలేదు, కాబట్టి ఎలా తెచ్చినా విచారణ జరపవచ్చు. అప్పగింత కోసం ఒక పద్ధతి రాసుకున్నాక దొడ్డిదారిన ఎత్తుకురావడం కూడదని విడిగా రాసుకోవాలా? జాన్ పాల్ స్టీవెన్స్ తన భిన్న తీర్పులో ఈ తర్కాన్నే కడిగేశాడు. ఈ కేసులో కెనడా సైతం మెక్సికో పక్షాన తన వాదన దాఖలు చేసింది. ఇరుగుపొరుగు రెండు దేశాలకూ ఒకే భయం పట్టుకుందన్నమాట.

ఆ ఏడాది డిసెంబరులో విచారణ మొదలైంది. ప్రాసిక్యూషన్ తన సాక్ష్యాలన్నీ చూపించాక, జ్యూరీ దాకా పోనివ్వకుండా రఫీడీ కేసు కొట్టేశాడు. అనుమానాలూ ఊహలూ తప్ప రుజువు లేదన్నాడు. రెండున్నరేళ్లకు పైగా నిర్బంధంలో ఉన్న డాక్టరు నిర్దోషిగా గ్వాదలహారా తిరిగి వెళ్లాడు. తర్వాత నష్టపరిహారం కోసం దావా వేస్తే దిగువ కోర్టు 25,000 డాలర్లు ఇప్పించింది. 2004లో సుప్రీంకోర్టు అదీ రద్దు చేసింది.

అంటే జరిగిందేమిటి? పొరుగు దేశంలోంచి మనిషిని ఎత్తుకొచ్చారు, తప్పు లేదని అత్యున్నత న్యాయస్థానం చెప్పింది, చివరికి ఆ మనిషి మీద నేరం రుజువు కాలేదు. డాక్టరు దోషిగా తేలి ఉంటే మెక్సికో గాయం కొంతైనా మానేదేమో. నిర్దోషిగా రావడంతో అది మానలేదు. ఆ తర్వాత ఏ అమెరికా అధికారి ‘జాయింట్ ఆపరేషన్’ అన్నా మెక్సికన్ల చెవికి ఆ ఏప్రిల్ నాటి తలుపు బద్దలైన చప్పుడే వినిపిస్తుంది.

తీర్పు వచ్చిన వెంటనే మెక్సికో కొన్నాళ్లు డీఈఏ పనులు ఆపించింది. అదే జులైలో విదేశీ ఏజెంట్లకు నిబంధనలు రాసింది: వాళ్ల సంఖ్యకు పరిమితి, ఆయుధాలు పట్టుకోకూడదు, తెలిసిన సమాచారం చెప్పి తీరాలి. సరిహద్దు దాటి ఎత్తుకురావడాన్ని నిషేధించే ఒప్పందం మీద 1994లో రెండు దేశాలూ సంతకాలు చేశాయి. అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అప్పట్లో కోపం ఇంతకు మించి పెరగకపోవడానికి కారణం వాణిజ్యం. ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే నాఫ్టా చర్చలు చివరి దశలో ఉన్నాయి, అధ్యక్షుడు సలీనాస్‌కు ఆ ఒప్పందం కావాలి. డ్రగ్స్ గొడవను వాణిజ్యం తాడుతో కట్టేయడం ట్రంప్ సుంకాలతో మొదలైన కొత్త విద్య కాదు.

అమెరికా వాదనకూ బలం ఉంది. కమరేనా హత్యలో మెక్సికో భద్రతా పోలీసుల చేయి ఉందని అప్పుడే బయటపడింది. ఆ విభాగాన్ని 1985లోనే రద్దు చేయాల్సి వచ్చింది. హత్యకు శిక్ష పడ్డ రఫాయెల్ కారో కింతెరోను 2013 ఆగస్టులో మెక్సికో కోర్టు సాంకేతిక కారణం చూపి విడిచిపెట్టింది. 2022 జులైలో మళ్లీ పట్టుకున్నారు. ఆ రోజే నేవీ హెలికాప్టర్ కూలి 14 మంది మెరైన్లు చనిపోయారు. కాల్దెరోన్ హయాంలో అమెరికాతో చేతులు కలిపి పోరు నడిపిన భద్రతా మంత్రి గెనారో గార్సియా లూనా, సినలోవా కార్టెల్ దగ్గర లంచాలు తిన్నాడని 2023లో బ్రూక్లిన్ జ్యూరీ తేల్చింది. 2011లో డీఈఏ మెక్సికో పోలీసులకిచ్చిన సమాచారం జెటాస్ ముఠాకు చేరి, కోవహిలాలోని అయెందే పట్టణంలో డజన్ల కొద్దీ మనుషులు మాయమయ్యారు. రహస్యం చెబితే జనం చస్తారని డీఈఏ అంటే కాదనలేం. అయితే అయెందే శవాలన్నీ మెక్సికన్లవే. సమాచారం ఎవరి చేతికి వెళ్తోందో తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకే ఎక్కువ.

2020 అక్టోబరు 15న పాత పుండు మళ్లీ రేగింది. మాజీ రక్షణ మంత్రి జనరల్ సల్వదోర్ సియెన్‌ఫ్యుయెగోస్‌ను లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. అభియోగపత్రం ఏడాది ముందే రహస్యంగా సిద్ధమైంది. మెక్సికో ప్రభుత్వానికి మాటమాత్రమైనా చెప్పలేదు. సైన్యం భగ్గుమంది. అప్పటి అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రదోర్ ఒత్తిడితో నవంబరులో కేసు ఎత్తేసి జనరల్‌ను వెనక్కి పంపారు. జనవరిలో మెక్సికో ప్రాసిక్యూటర్లు అతని మీద కేసే లేదన్నారు. దర్యాప్తు నిజాయతీగా జరిగిందని నేను నమ్మను. అంత తొందరగా ఏ కేసూ తేలదు. కానీ ఈ మధ్యలో, డిసెంబరులో, పార్లమెంటు చేసిన చట్టమే ఇవాళ్టికీ రాజ్యం చేస్తోంది. విదేశీ ఏజెంట్లకు దొరికిన ప్రతి సమాచారమూ మెక్సికోతో పంచుకోవాలి. వాళ్లను కలిసిన మెక్సికో అధికారి మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. 1992 నిబంధనలే ఇంకా గట్టిగా మళ్లీ వచ్చాయి.

ఇక 2024 జులై 25. ఎల్ మాయో జంబాడా న్యూ మెక్సికోలోని ఒక చిన్న విమానాశ్రయంలో దిగాడు, పక్కన ఎల్ చాపో కొడుకు హొవకీన్ గుస్మాన్ లోపెజ్. సినలోవా రాష్ట్ర రాజధాని కులియకాన్‌లో సమావేశానికని పిలిచి, చేతులు కట్టేసి, ముసుగేసి విమానం ఎక్కించారని జంబాడా తన లాయరు ద్వారా చెప్పాడు. మా విమానం కాదు, మా పైలట్ కాదు, మా మనుషులు కారు అని అమెరికా రాయబారి అన్నాడు. అది నిజమే కావచ్చు. ఎత్తుకెళ్లింది సొంత ముఠా మనిషే. కానీ 1990లో కూడా డాక్టర్ని లాక్కెళ్లింది డీఈఏ ఏజెంట్లు కాదు, డబ్బుకు ఒప్పుకున్న స్థానికులు. మెక్సికో ప్రాసిక్యూటర్లు అపహరణ మీదే కాదు, దేశద్రోహం మీద కూడా దర్యాప్తు తెరిచారు. సెప్టెంబరులో సినలోవా కార్టెల్ రెండుగా చీలి కొట్లాటకు దిగింది. అప్పటి నుంచి ఆ రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా హతమయ్యారు. విమానం దిగిన చోట ఎవరికీ గీత కూడా పడలేదు, అది బయల్దేరిన ఊళ్లో ఇంకా శవాలు లేస్తున్నాయి.

ట్రంప్ రెండోసారి వచ్చాక, 2025 ఫిబ్రవరి 20న ఆరు మెక్సికన్ ముఠాలను విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చారు. అదే రోజు షీన్‌బామ్ రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. విదేశీ జోక్యాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోబోమన్న ఆ మాటలు ఏప్రిల్ నుంచి రాజ్యాంగంలో భాగం. సైన్యాన్ని పంపుతానని ట్రంప్ ఫోన్లో అంటే వద్దన్నానని మే నెలలో ఆమే చెప్పారు.

ఆ సవరణ ప్రతిపాదించిన వారానికే, ఫిబ్రవరి 27న, ఖైదీల మొదటి విమానాలు వెళ్లాయి. అందులో కారో కింతెరో ఉన్నాడు. అతని అప్పగింతను మెక్సికో కోర్టులు ఎన్నాళ్లుగానో ఆపుతూ వచ్చాయి. ఈసారి అప్పగింత ఒప్పందాన్ని పక్కనపెట్టి, జాతీయ భద్రత పేరుతో నేరుగా పంపేశారు. దీని మీద మెక్సికో న్యాయవాదులు వేస్తున్న ప్రశ్న న్యాయమైనది. ఒప్పందాన్ని దాటవేశారని ముప్పై ఏళ్లు అమెరికాను తప్పుపట్టిన దేశం, సుంకాల కత్తి మెడ మీద పడగానే అదే పని తానే చేసింది. సార్వభౌమాధికారం అంటే సొంత కోర్టుల మాట నిలబెట్టుకోవడం కూడా. ఇక్కడ షీన్‌బామ్ ప్రభుత్వం తన వాదనను తానే బలహీనం చేసుకుంది.

ఈ గొలుసులో మనకూ ఒక కొస ఉంది. ఫెంటానిల్ అనే మత్తుమందు తయారీకి పనికొచ్చే ముడి రసాయనాన్ని అక్రమంగా సరఫరా చేసిందంటూ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక ఫార్మా కంపెనీ మీద 2025 మార్చిలో అమెరికా ఫెడరల్ కోర్టులో అభియోగం దాఖలైంది. ఆ అభియోగం నిజమో కాదో కోర్టు తేల్చాల్సిన విషయం. ఆ కేసు కోసం మన పారిశ్రామికవాడలోకి అమెరికా కమాండోలు దిగాలని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? మెక్సికో అడుగుతున్నదీ అంతకంటే ఎక్కువేం కాదు.

2025 ఆగస్టులో రెండు ప్రభుత్వాలూ కొత్త భద్రతా ఒప్పందం మీద చర్చించాయి. అందులో మెక్సికో పెట్టిన షరతుల్లో ఆయుధాలది పెద్ద చోటు. మెక్సికోలో దొరికి, ఆచూకీ తీసిన తుపాకుల్లో దాదాపు 70 శాతం అమెరికా నుంచి వచ్చినవేనని అమెరికా ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. తుపాకీ కంపెనీల మీద మెక్సికో వేసిన దావాను 2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. తయారీదారులకు 2005 నాటి చట్టం రక్షణ ఇస్తోందని చెప్పింది. అరిజోనాలోని తుపాకీ దుకాణాల మీద వేసిన మరో దావా మాత్రం అప్పటికి ఇంకా నడుస్తోంది.