టైటిల్స్‌లో ‘మాటలు’ విడిగా ఎందుకు పడతాయి?

‘కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం’ అని చివర్లో ఒకే పేరు. దానికి కాస్త ముందు ‘మాటలు’ అని ఇంకో పేరు. తెలుగు సినిమా టైటిల్స్‌లో ఈ వరస మనకెంత అలవాటంటే, సినిమా రాసే పని ఇన్ని ముక్కలు ఎందుకైందని ఎవరూ అడగరు. ఆ సంగతి తెలియాలంటే నాటకాల దాకా వెళ్లాలి.

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ (మాటలున్న సినిమా) ‘భక్త ప్రహ్లాద’కు కొత్తగా కథ అల్లాల్సిన అవసరం రాలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఉంది, దాన్ని ఆడే సురభి నాటక సమాజం నటులున్నారు. హెచ్.ఎం. రెడ్డి దాన్నే టాకీ చేశారు. తర్వాత చాలా ఏళ్లు పురాణాలే నడిచాయి. కథ అందరికీ తెలిసిందే కాబట్టి రచయితకు మిగిలింది మాటలూ పాటలే. సముద్రాల రాఘవాచార్య, పింగళి నాగేంద్రరావు రెండూ రాశారు. ఏ సీన్ తర్వాత ఏ సీన్ అన్నది మెల్లగా డైరెక్టర్ చేతికి పోయింది.

అలాగని అప్పట్లో స్క్రిప్టు లేదనుకోవద్దు. కె.వి. రెడ్డి స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్ల నిడివి ముందే లెక్కగట్టేవారు. కానీ ‘మాయాబజార్’ (1957) అనగానే మనకు గుర్తొచ్చేది పింగళి పుట్టించిన ‘తసమదీయులు’ (మనవాళ్లు కానివాళ్లు) అన్న మాట. పాండవులు ఒక్కసారి కూడా కనిపించకుండా అంత కథ నడిపిన నేర్పు గురించి ఎవరు మాట్లాడతారు? ప్రేక్షకుడికీ మాటే ముద్దు. ఇందులో మన తప్పూ కొంత ఉంది.

తర్వాత అదే పద్ధతి స్థిరపడింది. కథా చర్చల్లో నలుగురైదుగురు కూర్చుని టీల మీద టీలు తాగుతూ సీన్లు తేలుస్తారు. ఫలానా మలుపు ఎవరికి తట్టిందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఆ సీన్ ఆర్డర్ మాటల రచయితకు అందుతుంది. ఒక్కోసారి ఒకే సీన్‌కు ఇద్దరు ‘వెర్షన్’ రాస్తే డైరెక్టర్ నచ్చింది ఏరుకుంటాడు. రాసిన కాగితం సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో నలుగుతుంది. రచయిత అక్కడ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

మొత్తం తన చేతిలో ఉండాలనుకున్న రచయితకు దారి ఒకటే: డైరెక్టర్ కావడం. ‘శంకరాభరణం’కు మాటలు రాసిన జంధ్యాల 1981లో ‘ముద్దమందారం’ తీశారు. త్రివిక్రమ్ 2002లో, కొరటాల శివ 2013లో మెగాఫోన్ పట్టారు.

చట్టం మాటేంటంటారా? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు ‘ఆథర్’, అంటే కర్త, నిర్మాతే. 2012 సవరణ వచ్చాక, రచయిత హక్కులు రాసిచ్చేసినా, వాటిని తీసుకున్నవాళ్లతో రాయల్టీలో సమాన వాటాను వదులుకోవడం కుదరదు. అదీ థియేటర్ బయట వాడకానికే, అంటే టీవీ లాంటి వాటికి. రచయిత రాసింది హాల్లో సినిమాతో పాటు ఆడినంత వరకు ఈ నిబంధన కింద వాటా లేదు.