భాజకాల మొత్తం బేసి అయ్యేది ఎప్పుడు?

ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నిటినీ, 1నీ ఆ సంఖ్యనూ కూడా చేర్చుకొని, కూడగా వచ్చే మొత్తాన్ని సిగ్మా అనే గ్రీకు అక్షరంతో సూచిస్తారు. 6కు భాజకాలు 1, 2, 3, 6 కనుక దాని సిగ్మా విలువ 12. ఈ విలువల వరుసలో నిలకడ కనిపించదు: 10కి 18 ఉన్నది 11కి 12కు పడిపోయి, 12కి ఒక్కసారిగా 28కి చేరుతుంది. అయితే విలువలను పక్కనపెట్టి, అవి సరా బేసా అన్నది మాత్రమే గమనిస్తే చక్కని క్రమం బయటపడుతుంది. సిగ్మా బేసి అయ్యే సంఖ్యలు 1, 2, 4, 8, 9, 16, 18, 25, 32, 36, 49, 50 అంటూ సాగుతాయి. ఇవన్నీ వర్గాలు, లేదా వర్గాలకు రెట్టింపులు. ఈ నియమానికి ఒక్క మినహాయింపు కూడా లేదు.

దీని నిరూపణ నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే దానికి బడిలో నేర్చిన గణితమే చాలు. సరి భాజకాలు ఎన్ని ఉన్నా వాటి మొత్తం సరిసంఖ్యే కాబట్టి వాటిని వదిలేయవచ్చు. మిగిలిన బేసి భాజకాలు, సంఖ్యలోని 2లన్నిటినీ భాగించి తీసేశాక మిగిలే బేసి భాగానికి భాజకాలే. వాటి మొత్తం బేసి కావాలంటే వాటి సంఖ్య కూడా బేసి కావాలి. కానీ భాజకాలు జంటలుగా ఉంటాయి: 45కు 1తో 45, 3తో 15, 5తో 9 జతపడతాయి. ఒక భాజకం ఒంటరిగా మిగలాలంటే అది తనతోనే గుణించుకొని ఆ బేసి భాగాన్ని ఇవ్వాలి, అంటే ఆ భాగం వర్గం కావాలి. 72ను 8 × 9గా రాస్తే బేసి భాగం 9, దాని భాజకాలు 1, 3, 9. అందుకే 72 సిగ్మా విలువ 195 బేసి అయింది. తీసేసిన 2ల సంఖ్య సరి అయితే అసలు సంఖ్య వర్గం, బేసి అయితే వర్గానికి రెట్టింపు.

ఇలాంటివి చాలా అరుదు. పది లక్షల వరకు వర్గాలు 1000, వాటి రెట్టింపులు 707, వెరసి 1707 మాత్రమే.

ఈ చిన్న నియమం పెద్ద ప్రశ్నల దాకా వెళుతుంది. 6, 28, 496 వంటి పరిపూర్ణ సంఖ్యలలో సిగ్మా సరిగ్గా సంఖ్యకు రెట్టింపు ఉంటుంది. రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ ఉండే సంఖ్య ఉందా? ఉంటే దాని సిగ్మా బేసి కాబట్టి, అది వర్గమో వర్గానికి రెట్టింపో కాక తప్పదు. అది తప్పనిసరిగా బేసి వర్గమే అవుతుందని 1951లో కట్టానియో నిరూపించారు. అటువంటి సంఖ్య ఏదైనా ఉంటే 10 యొక్క 35వ ఘాతం కంటే పెద్దదై, కనీసం ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలతో ఉండాలని 1982లో హేగిస్, కోహెన్ చూపారు. ఇప్పటికీ అలాంటిది ఒక్కటీ దొరకలేదు, అసలు లేదన్న నిరూపణా రాలేదు.