లాడ్జిలో గదులు అద్దెకెందుకు ఇవ్వరు?

బరంపురం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు హైదరాబాదు వెళ్ళిన మీరు, పిన్నితో కలిసి బేగంబజారుకు గిన్నెలు కొనడానికి పోతూ, గోషామహల్‌లో మూలమట్టం, వృత్తలేఖిని గుర్తున్న పాత మేడను చూసి, "దీన్ని లాడ్జి అంటున్నారు కదా, మరి గదులు అద్దెకెందుకు ఇవ్వరు?" అని అడిగారు.

లాడ్జి అంటే మొదట్లో మేస్త్రీల పాక. ఐరోపాలో రాతి చర్చీలు కట్టేవాళ్ళు పనిచోటనే పాక వేసుకుని, ఉలులూ సుత్తులూ అందులో దాచుకుని, అక్కడే తిని కునుకు తీసేవారు. నా చిన్నతనంలో మా పెరటిగోడ కట్టడానికి వచ్చిన ఒరియా మేస్త్రీ కూడా జామచెట్టు కింద తాటాకు పందిరి వేసుకున్నాడు. కొత్తవాడు పనికి వస్తే ఆయన ఏమీ అడిగేవాడు కాదు; చేతికి తాపీ ఇచ్చి, పట్టుకునే తీరు చూసి, వాడు ఇటుక పేర్చాలో మోయాలో తేల్చేవాడు. ఒకనాడు ఆయన వేలాడదీసిన గుండును నేను ఊయలలా ఊపాను. వరస వంకర పోయింది. విప్పి మళ్ళీ కట్టారు. కూలి మాత్రం మా నాన్నగారే ఇచ్చుకున్నారు. తెలియని పనిముట్టు మీద చెయ్యి వేయకండి.

ఐరోపా పాకల్లోకి క్రమంగా తాపీ ముట్టని పెద్దమనుషులు చేరారు. పని పోయి పనిముట్లు మిగిలాయి: మూలమట్టం నిజాయితీకీ, వృత్తలేఖిని అదుపుకీ గుర్తులయ్యాయి. పాక పేరే వారి సంఘానికీ, సంఘం కూడే చోటుకీ నిలిచింది. 1717 జూన్ 24న లండన్‌లో అలాంటి నాలుగు లాడ్జీలు కలిసి ఒక పెద్ద లాడ్జిగా ఏర్పడ్డాయి. వీళ్ళే ఫ్రీమేసన్లు. మా మేస్త్రీ పందిరిలోకి మేకపిల్ల కూడా దూరేది గాని, వీరు మాత్రం తలుపులు వేసుకుని సమావేశమవుతారు. అందుకే ఉత్తరాదివాళ్ళు లాడ్జీలను జాదూఘర్ అనేవారు. లోపల దయ్యాలేమీ లేవు.

మీరు చూసిన మేడ వారు కట్టుకున్నది కాదు. రామదాసును చెరలో పెట్టిన తానీషా కాలంలో, రాణివాసం కోసం లేచిన కట్టడమది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మేడ మాత్రం మిగిలింది. 1872లో నిజాం ప్రభుత్వం దానిని ఫ్రీమేసన్లకు ఇచ్చింది. దాని పేరు గోషామహల్ బారాదరి: గోషా అంటే పరదా, బారాదరి అంటే పన్నెండు ద్వారాలది. గాలి ఆడాలని అన్ని ద్వారాలు పెట్టి కట్టిన ఇంటికి, మొదట రాణుల కోసమూ తరువాత ఈ పెద్దమనుషుల కోసమూ మూసుకునే రాతే పడిందని తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది.

తిరుగు ప్రయాణానికి ముందు మరొకసారి అటు వెళ్ళి, కాపలా మనిషిని మర్యాదగా అడిగి, బయట నుంచే ద్వారాలు లెక్కపెట్టండి. వాటిలో ఎన్ని తెరిచి ఉన్నాయో నాకు రాయండి.

మీ తాతయ్య