నోటుపుస్తకాల వెనక ఇసామియా బజార్ బడి

జూన్ వచ్చిందంటే హైదరాబాద్ బస్తీల్లో నోటుపుస్తకాల పంపిణీ మొదలవుతుంది. వెనక ఫ్లెక్సీ, ముందు వరసగా పిల్లలు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే పుస్తకాన్ని చెరో పక్కా పట్టుకుని ఉంటారు, ఫొటో పడేదాకా వదలరు. ఇచ్చేవాళ్ల మనసును శంకించక్కర్లేదు. కానీ పేదింటి పిల్లల చదువు దయా, హక్కా అన్న పేచీ ఈ ఊళ్లో నూరేళ్లు దాటినది. దాని మొదలు కోఠి దగ్గర, ఇసామియా బజార్‌లో కనిపిస్తుంది.

1908 సెప్టెంబరు మూసీ వరదప్పుడు నగరం దానధర్మాలకు వెనకాడలేదు. ఆకలికి అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. అంటరానివాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించడం మాత్రం వేరే సంగతి. ఆ పనికి 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టింది భాగ్యరెడ్డి వర్మ. అప్పటికాయనకు 22 ఏళ్లు. మాల కుటుంబంలో పుట్టినప్పుడు పేరు భాగయ్య. 'రెడ్డి' అన్నది 'రేడు' నుంచి వచ్చింది, మీరు ఈ నేలను ఏలినవాళ్లేనంటూ వాళ్లింటి గురువు పేరు మార్చారని చెబుతారు. 'వర్మ' ఆర్య సమాజం ఇచ్చింది.

బడికంటే ముందే, 1906లో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథ చెప్పించేవాళ్లు. కథకు జనం చేరతారు, చేరాక తాగుడు మానండి, చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చేయకండి, ఆడపిల్లల్ని జోగినులుగా వదలకండి అని చెప్పొచ్చు. 1911లో మండలి మన్యసంఘమైంది. ఇక్కడ సాయం చేసేదీ అందుకునేదీ ఒకే వాడవాళ్లు. నా దృష్టిలో అసలు తేడా అదే.

1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది, అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. నాలుగు వర్ణాలకూ బయట ఐదోవాళ్లంటూ అంటరానివాళ్లను పంచములనేవాళ్లు. 'పంచములు' అన్న మాటే శాస్త్రాల్లో లేదు, మేం ఈ దేశపు మూలవాసులం అని ఆయన మొదటిరోజే వాదించారు. దాంతో సభ పేరే ఆది ఆంధ్ర సభగా మారింది. వచ్చినవాళ్లు ఎక్కడ కొండెక్కుతారోనని సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారట! పేరు మార్చుకున్నంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదన్నమాట. అయినా 'ఆది' అన్న పేరు మీద పట్టు వదల్లేదు. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం తన సంస్థానంలోని అంటరానివాళ్లను ఆది హిందువులుగా రాసుకుంది.

సర్కారు చదువు ఉర్దూలో సాగుతున్న రోజుల్లో ఆయన బడుల్లో పాఠం తెలుగులో చెప్పేవాళ్లు. ఇంట్లో మాట్లాడే భాష కాబట్టి పిల్లలు నిలిచారు. 1930ల మొదట్లో బడులు 26కు చేరాయి, చదివేవాళ్లు రెండు వేలు దాటారు. తర్వాత ఆ బడుల్ని ప్రభుత్వమే తీసుకుంది. చందాలతో నడిచే బడి మూతపడితే అడగడానికి ఎవరూ ఉండరు. సర్కారు బడికి పంతులు రాకపోతే మాత్రం తండ్రి సర్కారు కచేరీకి వెళ్లి నిలదీయొచ్చు.

1939లో ఆయన కన్నుమూశారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఆయన కట్టించిందే. మే 22న జయంతి. ఆ రోజుకు బడులన్నీ వేసవి సెలవుల్లో ఉంటాయి, పుస్తకాల పంపిణీ ఇంకా మొదలుకాదు.